అసలు మాట గేటు దగ్గరే

మొన్న తెనాలి వెళ్లాను. మా పాత ఇంటి పక్కింటి పిన్నిగారు పోయారు. తొంభై దాటిన మనిషి. మూడో రోజుకి గానీ నాకు తెలియలేదు, తెలిసింది కూడా వాట్సాప్‌లో. నేను చూసేసరికే ఆ కబురు కింద పద్నాలుగు మంది దణ్ణం బొమ్మలు పెట్టి ఉన్నారు. పదిహేనోది నేను పెడదామని వేలు అక్కడిదాకా తీసుకెళ్లి, ఎందుకో మనసొప్పక, విజయవాడలో బస్సెక్కేశాను.

గుమ్మంలో అడుగుపెట్టగానే అగరొత్తుల వాసన, దాని వెనకాలే చెమ్మెక్కిన సున్నపు గోడ వాసన. మూలన దీపం. వాళ్ల పెద్దమ్మాయి, నాకంటే ఆరేళ్లు పెద్ద, చిన్నప్పటినుంచీ అక్కే, చాప మీద గోడకి చేరబడి ఉంది. "ఎప్పుడొచ్చావురా" అంది. "ఇప్పుడే అక్కా" అన్నాను. అక్కడితో ఇద్దరికీ మాటలైపోయాయి. ఫ్యాను మాత్రం గిర్రుగిర్రుమంటూ తిరుగుతోంది.

కాసేపటికి లేచి నిలబడ్డాను. "వెళ్లొస్తానక్కా" అని నాలిక చివరిదాకా వచ్చేసింది. కరుచుకున్నాను.

మామూలు రోజుల్లో "వెళ్తాను" అంటే అమ్మ నెత్తిమీద మొట్టేది. "వెళ్తానేంట్రా అపశకునంగా, వెళ్లొస్తాను అనాలి." అదే అమ్మ, పోయినవాళ్ల ఇంటికి తీసుకెళ్లేటప్పుడు వీధి మొదట్లోనే చెప్పేది: "వచ్చేటప్పుడు వెళ్లొస్తానని అనకు. మళ్లీ ఇలాంటి పనిమీదే వస్తామా ఏం? మాట్లాడకుండా లేచి వచ్చేయాలి. వెనక్కి తిరిగి చూడకూడదు." ఒక ఇంట్లో తప్పయినది ఇంకో ఇంట్లో ఒప్పు ఎలా అవుతుందో ఏడేళ్లవాడికి అర్థమయ్యే విషయం కాదు. కానీ కుదిరేది. ఎప్పుడు ఏది అనాలో వీధిలో అందరికీ తెలుసు.

మా వైపు ఇలా వెళ్లడాన్ని పలకరింపుకి వెళ్లడం అంటారు. రోడ్డు మీద ఎదురుపడ్డవాణ్ణి "ఏమోయ్, బాగున్నావా" అనడమూ పలకరింపే, కొడుకు పోయిన తల్లి పక్కన గంటసేపు నోరు మెదపకుండా కూర్చోవడమూ పలకరింపే. ఇన్నేళ్లు ఈ మాట వాడుతూ కూడా ఆ సంగతి నేను మొన్న ఆ చాప మీద కూర్చున్నాకే గమనించాను.

* * *

మారిస్‌పేటలో మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య పెరట్లో పిట్టగోడ ఉండేది. పెద్దవాళ్లకి నడుము ఎత్తు, నాకు మెడ దాకా. ఆ గోడ మీద ఒకచోట, జానెడు మేర, సున్నం ఊడిపోయి ఇటుక నున్నగా తేలి ఉండేది. గిన్నెలు పెట్టిపెట్టి అలా అయింది. ఆ గోడ దగ్గర పొద్దున్నే కుళాయి కట్టేశాక ఒక సంభాషణ జరిగేది.

"ఏం కూరండీ ఇవాళ?"

"ఏముంది, దొండకాయ. మీరో?"

"మాదీ అంతే. ఏదో పప్పుచారు పెట్టేస్తున్నా."

రోజూ ఇదే. కూర పేరు ఒక్కటే మారేది. అవతలివాళ్ల దొండకాయతో వీళ్లకేం పని అని నాకు విసుగ్గా ఉండేది. నేను రిటైరయ్యాక మా అమ్మాయి ఎం.ఏ. సైకాలజీకి చదివిన పుస్తకాలు ఇంట్లో పడి ఉంటే తిరగేస్తున్నప్పుడు మలినోవ్‌స్కీ అనే ఆయన కనిపించాడు. పోలండ్‌లో పుట్టిన మానవశాస్త్రవేత్త, పసిఫిక్ దీవుల్లో జనం మధ్య ఉండి వాళ్ల మాటలు రాసుకున్నాడు. విషయం చెప్పడానికి కాక, మనిషికీ మనిషికీ మధ్య ముడి వేయడానికే మాట్లాడే మాటలు కొన్ని ఉంటాయని 1923లో రాశాడట. వాతావరణం గురించి, ఆరోగ్యం గురించి అడగడం అలాంటివే. చదివి నవ్వుకున్నాను. మా పిట్టగోడ దగ్గర ఆయన ఒక్కపూట నిలబడి ఉంటే అంతదూరం పడవెక్కే పని తప్పేది.

అయితే ఆయన చెప్పినదానికి పైన మా గోడ దగ్గర ఇంకోటి జరిగేది. ఒక నెలాఖరున పిన్నిగారు మామూలుగానే "ఏం కూరండీ" అన్నారు. అమ్మ "ఇంకా చూడలేదండీ" అంది. అంతే. దొండకాయ అనలేదు, పప్పుచారు అనలేదు. పిన్నిగారు "ఊఁ" అని లోపలికి వెళ్లిపోయారు. అరగంటలో గోడ మీద గిన్నె ఉంది, మీద ప్లేటు బోర్లించి. "మీ వాడికి మా ఆనపకాయ పులుసంటే ప్రాణం కదా, ఇవాళ చేశాను, కాస్త పెట్టండి."

నాకు ఆనపకాయ పులుసంటే పరమ అసహ్యం. ఆ మాట అనబోయాను. అమ్మ నా వైపు ఒక చూపు చూసింది. మా నాన్నకి ఆ నెల జీతం రాలేదని నాకు తెలియదు. "తిను. నీకిష్టమని ఇచ్చారుగా" అని అన్నంలో కలిపి ముద్దలు పెట్టింది. ఆ తర్వాత కొన్నేళ్లపాటు ఆ ఇంట్లో ఆనపకాయ పులుసు చేసినప్పుడల్లా నా వాటా నాకు వచ్చేది. ఒక ఇంటి పరువుకి నా నాలుక కట్టిన వడ్డీ అది!

ఆ గిన్నెలు స్టీలువి. అంచు కింద చుక్కలు చుక్కలుగా ఇంటిపేరు అక్షరాలు కొట్టించి ఉండేవి. గిన్నెని ఖాళీగా తిరిగి పంపకూడదు. ఏమీ లేకపోతే చెంచాడు పంచదారైనా వేసి ఇవ్వాలి. ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయాయని కాదు, నిండుకున్నాయని అనాలి. అప్పు తెచ్చిన గ్లాసు పంచదార తిరిగి ఇచ్చేటప్పుడు గోపురంగా పోసి ఇవ్వాలి. మా వీధి చివర ఒకావిడ గ్లాసు అంచుని చాకుతో గీసి, సమంగా చేసి పంపేది. అమ్మకి ఆ గ్లాసు చూస్తే ఒళ్లు మండేది. "ఎంత తెచ్చిందో అంతే ఇచ్చింది కదమ్మా, తప్పేముంది" అన్నాను ఒకసారి.

"లెక్క తేల్చేసుకుందిరా ఆవిడ" అంది అమ్మ.

తర్వాత ముప్పైమూడేళ్లు బ్యాంకులో పనిచేశాను. బాకీ సున్నా అయితే ఖాతా మూసేస్తారు కదా. అమ్మకీ పిన్నిగారికీ మధ్య ఎవరో ఒకరు ఎప్పుడూ కాస్త బాకీ ఉండేవారు. ఎవరన్నది వాళ్లకి కూడా గుర్తుండేది కాదనుకుంటాను.

* * *

వద్దనడానికీ ఒక పద్ధతి ఉండేది. ఎవరింటికైనా వెళ్తే, పెట్టింది పెట్టగానే తినకూడదు. మొదటిసారి "వద్దండీ" అనాలి. రెండోసారి "అబ్బే, ఇప్పుడే తిని వచ్చాం" అనాలి. మూడోసారికి "మీరు మరీను" అని కూర్చోవాలి. పెళ్లి పంక్తుల్లో మా పెదనాన్న విస్తరి మీద చెయ్యి అడ్డంపెట్టి "చాలు చాలు" అని కేకలేసేవాడు. చూస్తే వేళ్ల మధ్య బూరె దూరేంత సందు! వడ్డించేవాడికీ ఆ సందు అర్థం తెలుసు.

ఒకసారి అమ్మ గుంటూరులో చుట్టాలింటికి తీసుకెళ్లింది. వంటింట్లో గారెలు వేగుతున్నాయి. నూనెలో పిండి పడ్డ చప్పుడు, అల్లం వాసన. ఆ ఇంటావిడ "గారెలు తింటావా బాబూ" అంది. నేను అమ్మ నేర్పినట్టే "వద్దండీ, ఆకలిగా లేదు" అన్నాను. "అలాగా, సరే" అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

రెండోసారి అడగలేదు.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ గోడ మీద క్యాలెండరు వైపు చూసింది. లోపల ఒక్కొక్క గారె తీసి పళ్లెంలో వేస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో రెండు అరటిపళ్లు కొనిపెట్టి, "పెద్ద ఊళ్లో మనుషుల్రా, ఒక్కసారే అడుగుతారు" అంది అమ్మ. తెనాలికీ గుంటూరుకీ పాతిక కిలోమీటర్లు ఉంటుందేమో. అంత దూరానికే మాటకి విలువ మారిపోయింది.

* * *

ఉద్యోగం వచ్చిన కొత్తలో విజయవాడ బ్రాంచికి తెనాలి నుంచే ప్యాసింజరులో తిరిగేవాణ్ణి. సీజన్ టికెట్టు. దుగ్గిరాల, చిలువూరు, పెదవడ్లపూడి, కృష్ణా కెనాల్, ఆ తర్వాత బ్రిడ్జి. ఎక్కేవాళ్లంతా రోజూ వాళ్లే, కూర్చునే చోట్లూ అవే. ఒకరు పేపరు కొంటే ఆరుగురు చదివేవారు. మొదటి పేజీ కిటికీ ఆయనకి, ఆటల పేజీ నాకు, మధ్య పేజీలు ఎదుటి బెంచీకి. నలుగురు మోకాళ్ల మీద తువ్వాలు పరిచి పేకాట వేసేవారు. కృష్ణ బ్రిడ్జి మీదకి రైలు ఎక్కి చప్పుడు మారగానే ముక్కలు పట్టుకున్న చేతులు ఆగిపోయేవి. కళ్లు మూసుకుని దణ్ణం పెట్టేవాళ్లు, కిటికీలోంచి పైసలు విసిరేవాళ్లు. బ్రిడ్జి దాటగానే మళ్లీ ఆట.

ఇంతా చేసి ఎవరి పేరూ ఎవరికీ తెలియదు. నా ఎదురుగా కూర్చునే ఆయన్ని నేను మనసులో "జిప్పు సంచీ" అనుకునేవాణ్ణి. దుగ్గిరాలలో ఎక్కేవాడు. రోజూ ఒకసారి తల పంకించేవాడు, నేనూ పంకించేవాణ్ణి. ఆరేళ్లు. ఒక్క మాట లేదు.

ఒక వేసవిలో కుటుంబంతో తిరుపతి వెళ్లాం. కొండ మీద క్యూ కాంప్లెక్సు కంపార్టుమెంటులో పిల్లలు ఏడుస్తూ, ఆడవాళ్లు విసురుకుంటూ ఉంటే, పక్క వరసలోంచి జిప్పు సంచీ! సంచీ లేదు, గుండు ఉంది. అయినా గుర్తుపట్టాను. "ఏమండోయ్!" అని ఆయన అరిచిన అరుపుకి క్యూ అంతా తిరిగి చూసింది. ఇద్దరం చేతులు పట్టేసుకున్నాం. వాళ్లావిడ మా ఆవిడకి పులిహోర పొట్లం ఇచ్చింది. ఆరుగంటలు కూర్చున్నాం. ఆయన ఉద్యోగం, చెల్లెలి పెళ్లి అప్పు, అల్సరు, అన్నీ చెప్పాడు. నేనూ ఏదీ దాచలేదు. మా ఆవిడ రాత్రి "ఎవరండీ, మీ వైపు చుట్టాలా?" అని అడిగింది.

సోమవారం పొద్దున దుగ్గిరాలలో ఆయన ఎక్కాడు. నా ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరం ఒకర్నొకరు చూసుకున్నాం. తల పంకించాడు. నేనూ పంకించాను. అంతే! పేపరు మధ్యకి వచ్చింది. పేరు అడగడం కొండ మీద కూడా మర్చిపోయాం.

చాలా ఏళ్లు అది నా తప్పేమో అనుకున్నాను. మా అమ్మాయి పుస్తకాల్లోనే దొరికింది జవాబు. మిల్‌గ్రామ్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1972లో ఇదే సంగతి మీద రాశాడు. న్యూయార్క్‌లో లోకల్ రైళ్ల ప్లాట్‌ఫారాల మీద నిలబడ్డవాళ్లని ఆయన విద్యార్థులు ఫొటోలు తీసి, తర్వాత అదే జనానికి చూపించి అడిగారు. ఒక్కొక్కరూ సగటున నలుగుర్ని గుర్తుపట్టారు, ఎప్పుడూ మాట్లాడని నలుగుర్ని. అలాంటివాళ్లు రోజూ కలిసే చోట పలకరించుకోరు, ఎంత దూరంలో కలిస్తే పలకరించుకునే అవకాశం అంత ఎక్కువ అన్నాడాయన. ఎన్నాళ్లు మాట్లాడకుండా ఉంటే మౌనం అంత గట్టిపడుతుందట. మా ఆరేళ్ల గోడని తిరుమల ఒక్క పూట కరిగించింది గానీ, దుగ్గిరాల మళ్లీ కట్టేసింది.

* * *

బ్యాంకు రోజులంటే నాకు ముందు చెవికి గుర్తొచ్చేది ఇత్తడి టోకెన్లు కౌంటరు చెక్క మీద పడే చప్పుడు. తర్వాత లెడ్జర్లు ధబ్బుమని మూసే చప్పుడు. కొన్నాళ్లు ఒక పల్లెటూరి బ్రాంచిలో ఫీల్డు పని చూశాను. రైతులు వచ్చేవారు. కుర్చీ చూపిస్తే వద్దని బెంచీ అంచున కూర్చునేవారు. పిల్లలేం చదువుతున్నారండీ, కాలవకి నీళ్లు ఎప్పుడొదులుతారో ఏమో, మీ మేనేజరుగారికి జ్వరం తగ్గిందా. ఇరవై నిమిషాలు. కొత్తలో నేను "పనేంటో చెప్పండి" అనేవాణ్ణి. చెప్పేవారు కాదు. "ఏం లేదండీ, ఊరికే ఇటు వచ్చి" అని లేచేవారు. తలుపు దాకా వెళ్లి, కండువా దులిపి భుజాన వేసుకుని, అప్పుడు వెనక్కి తిరిగేవారు.

"అన్నట్టు..."

అసలు పని ఆ మాట తర్వాతే. లోను కట్టలేకపోతున్నాననో, గొలుసు కుదువపెట్టాలనో, తమ్ముడితో వాటాల గొడవనో. బ్యాంకులో కూర్చుని అడిగితే అప్పు అడిగినట్టు. తలుపు దగ్గర నిలబడి అడిగితే ఏదో గుర్తొచ్చి అన్నట్టు, కాదంటే "సర్లెండి" అని అటునుంచి అటే వెళ్లిపోవచ్చు. డాక్టర్లకీ ఇది తెలుసట. రోగి అసలు బాధ తలుపు పిడి మీద చెయ్యి వేశాకే చెబుతాడని. నేను పద్ధతి మార్చుకుని, ఎవరొచ్చినా తలుపు దాకా సాగనంపడం మొదలుపెట్టాను. మర్యాదస్తుడినని పేరొచ్చింది. నిజానికి "అన్నట్టు" కోసం.

ఆ రోజుల్లోనే ట్రైనింగుకి పంపారు. కస్టమర్లతో ఎలా మెలగాలో మూడు రోజుల క్లాసు. బోర్డు మీద ఒకదాని కింద ఒకటి మూడు సున్నాలు చుట్టి, పేరెంటు, అడల్టు, చైల్డు అని రాశాడు మాస్టారు. ఎరిక్ బెర్న్ అనే సైకియాట్రిస్టు సిద్ధాంతం. వెనక బెంచీలో సగం నిద్రలో ఉన్న నాకు ఒక్కటే బుర్రకెక్కింది. ఒక పలకరింపు అంటే ఒక స్ట్రోకు, అంటే వీపు మీద ఒకసారి నిమిరినట్టు. రోజూ ఎదురుపడి "హాయ్" అనుకునే ఇద్దరిలో ఒకడు నెలరోజులు ఊరెళ్లి వస్తే, ఆ రోజు వట్టి "హాయ్" అని ఊరుకుంటే చాలదు. ఒకరికొకరు ముప్పై స్ట్రోకులు బాకీ పడి ఉంటారు, ఎక్కడికెళ్లావు, ఎలా ఉంది అని అడిగి తీర్చాలి. అమెరికావాడు 1964లో రాసినదానిలో మా పిట్టగోడ బాకీ కనిపించేసరికి నిద్ర వదిలింది.

తెలిసి కూడా తప్పాను, అది వేరే సంగతి. తర్వాత టౌను బ్రాంచిలో ఒక రిటైరైన మాస్టారు వచ్చేవారు, పెన్షను ఖాతా. ఏటా నవంబరులో బతికే ఉన్నానని సంతకం పెట్టి ఇవ్వాలి కదా, ఆ కాగితం ఇస్తూ "ఈ ఏడు కూడా పాసయ్యానండీ" అనేవారు. ఒక నవంబరు సాయంత్రం క్యాషు తేలడం లేదు. పద్దెనిమిది వందల తేడా. నేను టెన్షన్‌లో నోట్లు మూడోసారి లెక్కపెడుతున్నాను. ఆయన తలుపు దాకా వెళ్లి ఆగారు. "అన్నట్టు బాబూ..." అన్నారు. నేను తలెత్తలేదు. "రేపు రండి మాస్టారూ" అన్నాను.

తేడా రాత్రి తేలింది, ఇంకో కౌంటరులో. మర్నాడు మాస్టారు వచ్చారు. కుర్చీ వేసి, కాఫీ తెప్పించి, "నిన్న ఏదో చెప్పబోయారు" అన్నాను. "ఏమీ లేదులెండి" అన్నారు. ఆ తర్వాత రెండేళ్లు వస్తూనే ఉన్నారు. ప్రతిసారీ తలుపు దాకా వెళ్లి నిలబడేవాణ్ణి. ఆయన చెప్పులు వేసుకుని, గొడుగు తీసుకుని, "వస్తానండీ" అని మెట్లు దిగిపోయేవారు.

* * *

మొన్న సంగతికి వస్తాను. వెళ్లొస్తానని అనకుండా, తల మాత్రం ఊపి బయటికి వచ్చాను. వరండాలో చెప్పులు వేసుకుంటుంటే పెరటివైపు చూపు పోయింది. పిట్టగోడ ఇప్పుడు లేదు. మా ఇల్లు కొన్నవాళ్లు ఆరడుగుల ప్రహరీ కట్టారు, మీద గాజుపెంకులు. గేటు గొళ్లెం మీద చెయ్యి వేశాను. వెనక గుమ్మంలో అలికిడైంది. వెనక్కి చూడకూడదు కదా, అలాగే నిలబడ్డాను.

"అన్నట్టు ఒరే..." అంది అక్క.

నేను తిరగలేదు.

"తమ్ముళ్లు ఇల్లు అమ్మేద్దామంటున్నారు. పెద్దరోజు అవగానే కాగితాలు రాయించేస్తారట. నువ్వు బ్యాంకులో చేశావు కదా, నా సంతకం లేకుండా అవుతుందా?"

గొళ్లెం వదిలేశాను. వెనక్కి తిరిగి, విప్పిన చోటే మళ్లీ చెప్పులు విప్పాను. అక్క పక్కకి జరిగి చాప సర్దింది.